పాపతో తెలుగు మాట్లాడొద్దన్నారు

ఉప్మా గిన్నె పట్టుకుని కృపాజ్యోతి గుమ్మంలో కూర్చుంది. ఒళ్ళో కూతురు షెకీనా. రెండో ఏడు నిండబోతున్న పిల్ల, ముద్ద ఒక బుగ్గన పెట్టుకుని నమలడం మరిచిపోయి వీధిలోకి చూస్తోంది.

"ఈట్," అంది కృపాజ్యోతి. "ఈట్, బేబీ. గుడ్ గాళ్."

అక్కడికి ఆమె దగ్గరున్న ఇంగ్లీషు అయిపోయింది.

ఎదురింటివాళ్ళ బట్టల తీగ మీద ఒక తూనీగ వచ్చి వాలింది. షెకీనా కళ్ళు ఇంతింతయ్యాయి. వేలు చాపి, "ఊ?" అంది. తల్లి మొహంలోకి చూసి మళ్ళీ, "ఊ?" అంది. అదేమిటో చెప్పమని అడగడమే అది.

తూనీగను ఇంగ్లీషులో ఏమంటారు? కృపాజ్యోతి ఎనిమిదో తరగతి వరకు చదివింది. ఆ చదువులో ఎక్కడా తూనీగ తగల్లేదు. తెలుగు మాట నాలిక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనక మంచం మీంచి అత్తగారు అప్పాయమ్మ దగ్గింది. జలుబు లేదు, గొంతులో గరగర లేదు. అది హెచ్చరిక.

కృపాజ్యోతి మాట మింగేసి, "ఈట్," అంది మళ్ళీ.

పిల్ల కాసేపు వేలు అలాగే చాపి ఉంచింది. తూనీగ ఎగిరిపోయింది. వేలు మెల్లగా కిందికి దిగింది.

ఆ ఇంట్లో ఈ రూలు పెట్టింది బావగారు అరుణ్ కుమార్. విశాఖపట్నంలో పెద్ద కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. ఆ ఇంట డిగ్రీ చదివిన మొదటి మనిషి. క్రిస్మస్‌కి అనకాపల్లి వచ్చినప్పుడు, కేకు ముక్క చేత్తో పట్టుకునే తేల్చి చెప్పేశాడు.

"పాపని కాన్వెంటులో వేద్దాం. ప్లే క్లాసుకే ఇంటర్వ్యూ ఉంటుంది. ఈ రోజు నుంచీ పాపతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడకండి. తెలుగు ముందు ఎక్కిందంటే ఇంక ఇంగ్లీషు ఎక్కదు."

తమ్ముడు బెన్‌హర్‌కి అన్న మాట దైవవాక్యంతో సమానం. తలూపేశాడు. వెళ్ళేటప్పుడు అరుణ్ కుమార్ ఒక సీడీ ప్లేయరూ, ఇంగ్లీషు రైముల సీడీలూ ఇచ్చి వెళ్ళాడు. కరెంటు ఉన్నంతసేపూ అవి తిరుగుతూనే ఉండేవి. పిల్ల వాటి ముందు కూర్చునే ఉండేది.

తీరా చూస్తే ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎవరు? తెలుగు వద్దన్నారు, ఇంగ్లీషు రాదు. ఇంక నోరు మూసుకోవడమే మిగిలింది. బెల్లం మార్కెట్టులో పొద్దుటి నుంచీ దిమ్మల తూకాలు చెబుతూ, రైతులతో వాదిస్తూ గొంతు బొంగురుపోయేలా అరిచే బెన్‌హర్, ఇంటికొచ్చి కూతుర్ని ఎత్తుకుని, "కమ్... సిట్..." అని, పైన మాట దొరక్క బుగ్గ మీద ఒక ముద్దు పెట్టి దింపేసేవాడు.

అప్పాయమ్మ సంగతి మరీ విచిత్రం. ఆవిడ మునగపాక మనిషి. నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినపడేది. పిల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తూ ఎన్ని కబుర్లు చెప్పేదో! ఇప్పుడు పిల్ల దగ్గరకొస్తే మంచం దిగి పెరట్లోకి వెళ్ళిపోతోంది. పైగా కోడలి మీద కాపలా.

"ఓలమ్మా, తెలుగు మాటాడేత్తన్నావు! పెద్దోడు ఏటి సెప్పేడు?"

అసలే కృపాజ్యోతికి భయాలు ఎక్కువ. పిల్ల తుమ్మితే నిమోనియా అనుకుంటుంది. కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. తను ఒక్క తెలుగు మాట జారితే పిల్ల బతుకంతా పాడైపోతుందేమో, రేపు పెద్దదయ్యాక 'నీ మూలానే అమ్మా' అంటుందేమో అని వణికిపోయింది. అందుకే ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుంది.

ఎండలు ముదిరాయి. ఒకరోజు చేపల దేముడమ్మ గంప గుమ్మంలో దించింది. ఆమె పూడిమడక నుంచి చేపలు తెచ్చి ఈ వీధిలో అమ్ముతుంది.

"ఏటమ్మా, ఈ గుంటకి ఇంకా మాట రానేదేటి?"

"చిన్నది కదా, వస్తాదిలే."

"సిన్నదేటి! మా మనవడు దీనికన్నా సిన్నోడు. నిన్న ఆళ్ళ తాతని 'సచ్చినోడా' అనేసినాడు. ఇల్లంతా ఒకటే నవ్వులు."

అంటూ ఒక చేపను తోక పట్టుకుని పిల్ల మొహం ముందు ఆడించింది. షెకీనా చూసింది. ఊరికే చూసింది, అంతే. వెనక గదిలో సీడీ పాట వినిపిస్తుంటే అటు తిరిగి వెళ్ళిపోయింది.

దేముడమ్మ చెయ్యి ఆగిపోయింది. "మునుపు నా గంప సూత్తే ఏలు సూపించి ఊ, ఊ అని గోల సేసేసేది కదమ్మా. ఏటైపోయింది దీనికి?"

కృపాజ్యోతి లోపలికి వెళ్తున్న పిల్లకేసి చూసింది. నిజమే. పిల్ల వేలు చూపించి ఎంత కాలమైంది? గుర్తు చేసుకుందామంటే గుర్తు రాలేదు. అడిగీ అడిగీ, ఎవరూ చెప్పకపోతే, అడగడమే మానేసింది.

చెవుడేమో! నాలిక కింద నరం పట్టేసిందేమో! లేక బుర్రలోనే ఏదో... ఆ పైన ఆలోచించలేక, చేపలు కూడా తీసుకోకుండా, పిల్లను చంకనేసుకుని ఆటో ఎక్కేసింది.

పిల్లల డాక్టరమ్మ పెద్దావిడ. పిల్ల వెనక నిలబడి చిటికె వేసింది. షెకీనా గిరుక్కున తిరిగింది. నోరు తెరిపించి చూసింది. తాళాల గుత్తి ఇస్తే పిల్ల చక్కగా ఒక్కొక్క తాళమూ లాగి చూసింది.

"చెవులు బాగున్నాయి, నాలిక బాగుంది. ఇంట్లో పిల్లతో ఎవరు మాట్లాడతారు?"

"సీడీ పెడతామండి."

"సీడీ సంగతి కాదు. నువ్వు మాట్లాడవా?"

"నాకు ఇంగ్లీషు రాదండి," అంది కృపాజ్యోతి తల దించుకుని.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసేసింది. "ఇప్పుడు నువ్వూ నేనూ ఏ భాషలో మాట్లాడుకుంటున్నాం తల్లీ?"

కృపాజ్యోతి అంతా చెప్పేసింది. విని ఆవిడ కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. తర్వాత నిదానంగా అంది.

"ఇది చూపించిన దానికల్లా పేరు చెప్పు. నీకొచ్చిన భాషలో చెప్పు. అది ఊ అంటే నువ్వు తిరిగి జవాబు చెప్పు. పాటలు పాడు. బొమ్మల పుస్తకం ఒకటి కొని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపించు. ఒక భాష బాగా వచ్చిన పిల్లకి రెండోది తేలిగ్గా వస్తుంది. ఏదీ రాని పిల్లకి ఏం వస్తుంది?"

"పుస్తకం నమిలేస్తాదేమోనండి."

"నమలనీ. ముందు నోట్లో పెట్టుకుంటారు, తర్వాత కళ్ళతో చూస్తారు. అందరమూ అలాగే మొదలెట్టాం. కాస్త మాటలు రావడం మొదలయ్యిందో లేదో రెండు నెలల్లో మళ్ళీ తీసుకొచ్చి చూపించు."

బస్సు కాంప్లెక్సు దగ్గర ఫుట్‌పాత్ మీద బొమ్మల పుస్తకం ఒకటి కొంది. తెలుగు అక్షరాలు, ఒక్కోదాని పక్కన రంగుల బొమ్మ. అట్టలు గట్టివి. ఆటోలో కూర్చుంది. ఎదురుగా చెరుకు లారీ ఒకటి అడ్డంగా ఆగి ఉంది. షెకీనా దానికేసి చూస్తోంది. వేలు చాపలేదు.

కృపాజ్యోతి పిల్ల చెయ్యి తనే పట్టుకుని చాపించింది.

"లారీ! చూడమ్మా, చెరుకు లారీ. చెరుకంతా ఫ్యాక్టరీకి వెళ్తాది. అదిగో ఆవు. ఆవు చెరుకాకు తింటోంది, దొంగ ఆవు! అదిగో తాతయ్య, సైకిల్ తాతయ్య. అది గుడి. అది మన చర్చి. అది గంట, టంగ్ టంగ్..."

నెలల తరబడి బిగబట్టిన మాటలు. ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేశాయి. ఆటో అబ్బాయి అద్దంలోంచి వింతగా చూశాడు. చూస్తే చూడనీ అనుకుంది. షెకీనా లారీని చూడలేదు, ఆవుని చూడలేదు. నోరు తెరుచుకుని తల్లి పెదాలనే చూస్తూ కూర్చుంది, మొదటిసారి చూస్తున్నట్టు.

ఇల్లు చేరేసరికి కూడా ఆమె మాట్లాడుతూనే ఉంది. అప్పాయమ్మ అరుగు మీంచి లేచి నిలబడింది.

"ఓలమ్మో! ఏటిది? తెలుగేనా? పెద్దోడికి తెలిత్తే..."

"తెలియనీండి అత్తా. నేనే చెప్తాను." కృపాజ్యోతి తిన్నగా వెళ్ళి సీడీ ప్లేయరు తీగ ఊడబీకింది. "మాటొచ్చిన తల్లిని, మూగదాన్లా బతికేను. నా బిడ్డని కూడా మూగదాన్ని చేసేను. ఇంక చెయ్యను."

అప్పాయమ్మ ఏదో అనబోయి, కోడలి మొహం చూసి ఆగింది. కొంగు భుజాన సర్దుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం బెన్‌హర్ వచ్చి విషయం విని తల పట్టుకున్నాడు.

"అన్నయ్య మన మంచికే కదా చెప్పేడు. ఆడికి తెలీదా?"

"కంపెనీ సంగతులు తెలుసు ఆయనకి. ఈ పిల్ల సంగతి నాకు తెలుసు."

"రేపు సీటు రాకపోతేనో?"

ఆ భయం కృపాజ్యోతికీ ఉంది. సీటు రాదు. పిల్ల వెనకబడిపోతుంది. అందరూ నన్నే అంటారు. అన్నీ కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. అయినా గొంతు తగ్గించలేదు.

"ఇంగ్లీషు రాని బిడ్డని నేను పెంచుకోగలను. మాటే రాని బిడ్డయితే మీ అన్నయ్య తీసుకెళ్ళి పెంచుతాడేటి?"

బెన్‌హర్ కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచీ ఇంట్లో ఒకటే మాటలు. బియ్యం ఏరుతూ మాట, బట్టలు ఉతుకుతూ మాట. స్నానం చేయిస్తే చెవికో మాట, ముక్కుకో మాట. మధ్యాహ్నం చాప మీద కూర్చుని పుస్తకం తెరిచేది. షెకీనా మొదట్లో దాని మీద కూర్చుంది, విసిరేసింది, మూల కొరికింది. కాలు తగిలితే కృపాజ్యోతి గబుక్కున కళ్ళకద్దుకునేది. రంగులో విషముంటుందేమో అని రాత్రంతా పిల్ల పొట్ట పట్టి చూసింది. తెల్లారి మళ్ళీ అదే పుస్తకం ఇచ్చింది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున ఆమె పొయ్యి దగ్గరుంటే, వీపు మీద ఏదో గట్టిగా తగిలింది. తిరిగి చూస్తే షెకీనా. పుస్తకం రెండు చేతులా పట్టుకుని నెడుతోంది. తల్లి తిరగ్గానే తలకిందులుగా ఉన్న బొమ్మ మీద వేలు పెట్టి, "ఊ?" అంది.

కూర అడుగంటి మాడిపోయింది. కృపాజ్యోతి పట్టించుకోలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అరుణ్ కుమార్ వచ్చాడు. అందరూ చేపల పులుసుతో భోజనాలు చేశారు. చెయ్యి కడుక్కుని కుర్చీలో కూర్చుని పెదనాన్నలాగా కాదు, హెడ్మాస్టరులాగా పిలిచాడు.

"కమాన్ బేబీ. వాట్స్ యువర్ నేమ్?"

షెకీనా ఆయన్ని కాసేపు ఎగాదిగా చూసింది. లోపలికి పరిగెత్తింది. బొమ్మల పుస్తకం ఈడ్చుకుంటూ వచ్చి, వీపు తిప్పి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి పెదనాన్న ఒళ్ళో చతికిలబడింది. పుస్తకం తెరిచింది.

అరుణ్ కుమార్ మొహం మారిపోయింది. "ఇదేంటి? తెలుగు పుస్తకం? బెన్నూ, నేనేం చెప్పాను?"

బెన్‌హర్ గోడకేసి చూశాడు.

"ఆయన్ని అడక్కండి బావగారూ. నేనే కొన్నాను," అంది కృపాజ్యోతి.

"ఎందుకు?"

"పిల్ల మూగదైపోతుంటే చూడలేక. అడిగినదానికి జవాబు చెప్పేవాళ్ళు లేక అడగడం మానేసింది. డాక్టరమ్మే చెప్పింది."

"ఇంటర్వ్యూలో కూర్చోబెట్టేది డాక్టరా? నువ్వెంత చదివేవమ్మా?"

"ఎనిమిది."

"ఎనిమిదో తరగతి చదివి నాకు పాఠాలా?"

కృపాజ్యోతి చేతులు రెండూ కొంగులో దాచుకుంది. ఈ మనిషికి ఎదురు చెబితే రేపటి నుంచి ఈ గడప తొక్కడు. అన్నదమ్ములు విడిపోతారు. అంతా నా మూలానే. ఐనా మాట ఆగలేదు.

"పాఠాలు కాదు బావగారూ. ఈ బిడ్డని మోసిందాన్ని, నాకొచ్చిన మాట దానికి చెప్పుకుంటాను. ఆ మాట వద్దంటే నాకు ఇంకో మాట లేదు. ఇంగ్లీషు బడిలో మాస్టర్లు చెప్తారు. తల్లి మాట ఎవరు చెప్తారు?"

"తల్లి మాట సరే!" అరుణ్ కుమార్ గొంతు పెంచాడు. "మా అమ్మ మాటో? ఆ ఏటి, ఓలమ్మా, సెప్పు, సూడు అనే మాటలు పిల్లకి పట్టుకుంటే? నలుగురిలో నవ్వుతారు. నాకు తెలుసు ఎలా నవ్వుతారో. కాలేజీలో నా నోట అవి వస్తే క్లాసంతా నవ్వింది. అందుకే క్రిస్మస్ నాడే అమ్మకి చెప్పాను, నువ్వు మాత్రం పాప దగ్గర నోరు తెరవొద్దని."



కృపాజ్యోతి మెల్లగా అత్తగారి వైపు తిరిగింది. అప్పాయమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల దగ్గరకొస్తే పెరట్లోకి ఎందుకు పారిపోయేదో ఇప్పుడు తెలిసింది. అది విసుగు కాదు. మనవరాలికి తన మాట అంటుకుంటుందేమోనని, అంటురోగం వచ్చినదానిలా దూరం జరిగింది.

"అత్తా," అంది. "ఎందుకు చెప్పలేదు?"

"ఏటి సెప్పేది?" అప్పాయమ్మ నేలకేసి చూస్తూ అంది. "సదువుకున్నోడు సెప్పేడు. నా మాట మోటుది కదా. అది నా దగ్గరికొచ్చి సేతులు సాపుతుంటే... నోరు తెరిత్తే పాడైపోద్దని... పెరట్లోకెల్లి మందార సెట్టుతో మాటాడుకునేదాన్ని."

అరుణ్ కుమార్ ఏదో అనబోయాడు. కృపాజ్యోతి అననివ్వలేదు.

"ఆ మోటు మాటే మిమ్మల్ని పెంచింది బావగారూ. అత్త ఆ మాటతోనే జోల పాడేరు. ఆ మాటతోనే మిమ్మల్ని బడికి తోలేరు. ఇవాళ మీరు ఇంగ్లీషు మాట్లాడుతున్నారంటే దాని కింద ఉన్నది ఈవిడ మాటే. సీటు రాకపోతే రాకపోనీండి, నేను ఊరి బళ్ళో వేసుకుంటాను. నా కూతురికి మామ్మ కావాలి. మామ్మ నోరు కావాలి."

అని, బావగారి ఒళ్ళోంచి పిల్లనీ, పుస్తకాన్నీ తీసుకెళ్ళి అత్తగారి ముందు పెట్టింది. "మాట్లాడండి అత్తా. ఎవరేటంటారో నేను చూస్తాను."

అప్పాయమ్మ నేల మీద కూలబడింది. షెకీనా ఆలస్యం చెయ్యలేదు. వెనక్కి నడిచి ఒళ్ళో కూర్చుని పుస్తకం తెరిచింది. మేక బొమ్మ వచ్చింది. ముసలామె పెదాలు కదిలాయి, మాట రాలేదు. పెద్ద కొడుకు వైపు ఒకసారి చూసింది. తర్వాత చూడ్డం మానేసింది.

"ఇది మేకమ్మా," అంది. "మేక. మే... అంటాది. మాకూ ఉండేది ఒకటి. దాని పేరు రాణి. దానికి సిగ్గు నేదు, బయం నేదు. మట్టల ఆదివారం నాడు అందరం తాటిమట్టలు పట్టుకుని పాటలు పాడుకుంటా గుడికెల్తన్నామా? ఎనకాలే ఇదీ బయల్దేరింది. ఈ మీ పెదనాన్న అప్పుడు ఇంతోడు. ఆడి సేతిలో మట్ట సూసిందమ్మా! మే... అని ఒకటే పరుగు! పాస్టరుగారు ముందు, మీ పెదనాన్న ఎనక, ఆడి ఎనక మేక!"

గొంతు పెద్దదవుతోంది. చేతులు తిరుగుతున్నాయి. పాత అప్పాయమ్మ వచ్చేసింది. షెకీనా పుస్తకం వదిలేసి, మెడ వెనక్కి వంచి, మామ్మ నోట్లోకే చూస్తోంది.

"మట్టంతా నమిలేసింది. ఆడు ఏడుత్తా పాస్టరుగారి కాల్లు సుట్టేసుకున్నాడు. అది కొమ్ముతో ఎనకనించి ఒక్కటిచ్చింది, బోర్లా పడ్డాడు!"

"కాదే అమ్మా!" అన్నాడు అరుణ్ కుమార్.

అందరూ తిరిగి చూశారు. ఆయన కుర్చీ అంచు మీదికి జరిగి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అది పొడవనేదు. నాకు నేనే జారి పడిపోయేను. నువ్వెప్పుడూ ఇలగే సెప్తావు."

నోట్లోంచి వచ్చిన మాట తనకే వినపడి ఆగిపోయాడు. ఎవరూ నవ్వలేదు. తల్లి మాత్రం, "ఎల్లరా, నీకేటి తెల్సు, నువ్వు కళ్ళు మూసుకుని ఏడుత్తన్నావు," అని కొట్టిపారేసింది.

ఆయన కుర్చీ దిగి, ఇస్త్రీ ప్యాంటుతోనే తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. "తప్పయిపోయిందమ్మా," అన్నాడు, గొంతు వినపడీ వినపడనట్టు.

షెకీనా బొమ్మలోని మేకను చూసింది. పక్కకొచ్చి కూర్చున్న పెదనాన్నను చూసింది. బాగా ఆలోచించి, అరచేత్తో ఆయన గుండె మీద టప్పున కొట్టింది.

"మే!" అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బెన్‌హర్ పగలబడి నవ్వాడు. అప్పాయమ్మ నవ్వుతూ ఏడ్చింది. అరుణ్ కుమార్ పిల్ల చేతిని గుండెకి అలాగే అదుముకున్నాడు.

"ఇంటర్వ్యూలో కూడా నన్ను ఇలాగే అంటే ఏం చెయ్యాలిరా బెన్నూ?"

"అననీ," అంది అప్పాయమ్మ, ముక్కు చీదుతూ. "మేకంటే ఏటో ఆళ్ళకీ తెలిత్తాది."

కృపాజ్యోతి వంటింట్లోకి వెళ్ళి తలుపు చాటున నిలబడి ఏడ్చింది. ఒక్క మాటే కదా, రేపు మళ్ళీ రాకపోతేనో అని అప్పుడే ఒక భయం మొదలైంది. అంతలో బయట మామ్మ గొంతు వీధి చివరిదాకా మోగింది. "ఓలమ్మా, కోడలా! అక్కడేటి సేత్తన్నావు? రా, దీనికి తరవాత పేజీ కావాలంట!"